ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో రంగు: వెబ్‌సైట్ రంగులను సరిచేసే పూర్తి విధానం

అనంతపురంలో పట్టుచీరల దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఫిర్యాదు ఇది. దుకాణం కంప్యూటర్‌లో క్రోమ్ తెరిస్తే చీర నేరేడుపండు రంగులో ఉంటుంది. అదే పేజీ ఫైర్‌ఫాక్స్‌లో వంగపండు రంగుకు తిరుగుతుంది. యజమాని ఐఫోన్‌లో ఇంకో ఛాయ, కొనేవారి ఆండ్రాయిడ్ ఫోనులో కళ్లు చెదిరే మరో రంగు. వార్తల సైటుకైతే ఇది చిన్న విషయం. ధర్మవరం మగ్గం మీద రోజుల తరబడి నేసిన చీరను కేవలం ఫొటో చూసి కొనే చోట మాత్రం ఇది డబ్బుకూ నమ్మకానికీ సంబంధించిన సంగతి. "ఫొటోలో చూపిన రంగు ఇది కాదు" అంటూ పార్శిల్ తిరిగివస్తే రానుపోను కొరియర్ ఖర్చు, మడత చెడిన చీర, పోయిన ఖాతాదారు, అన్నీ దుకాణదారు మీద పడతాయి. ఆయన వెనుక ఉన్న నేతకారుడి మీదా పడతాయి. రాయదుర్గంలో జీన్స్ కుట్టి ఆన్‌లైన్‌లో అమ్మేవారికీ ఇదే కష్టం. నీలంలో ముదురు, లేత తేడా తెలియకపోతే ప్యాంటు అమ్ముడుపోదు.

ఒక్క మాట ముందే గట్టిగా చెబుతాను. రంగు తేడా కనిపించగానే, పేజీ రంగులూ రూపురేఖలూ రాసి ఉండే సీఎస్‌ఎస్ ఫైలు తెరిచి కలర్ కోడ్ మార్చకండి. మీ తెర మీద ఎరుపు కాస్త ఎక్కువగా ఉందని కోడ్‌లో ఎరుపు తగ్గిస్తే, తెర సరిగ్గా ఉన్న వందలమంది దగ్గర ఆ రంగు చెడిపోతుంది. రంగు ఏ దశలో మారుతోందో ముందు పట్టుకోవాలి. ఆ దశలోనే సరిచేయాలి.

తేడా ఎందుకు వస్తుంది

కంప్యూటర్‌కు రంగు అంటే మూడు అంకెలు: ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. #800020 అనే మెరూన్‌లో ఎరుపు 128, ఆకుపచ్చ 0, నీలం 32. అయితే ఈ 128 ఏ కొలతలో 128? ఎవరైనా "పది" అని ఊరుకుంటే పది మూరలో పది గజాలో తెలియనట్టే, అంకెల వెంట కొలత చెప్పకపోతే రంగు ఏదో తేలదు. ఆ కొలతనే కలర్ స్పేస్ అంటారు. ఒక ఫొటో ఏ కలర్ స్పేస్‌లో ఉందో, ఒక మానిటర్ అంకెలను ఏ రంగుగా చూపిస్తుందో వివరించే చిన్న సమాచారపు మూట పేరు ఐసీసీ ప్రొఫైల్.

వెబ్‌కు సంబంధించిన మూల కొలత ఎస్‌ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో దీన్ని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. సీఎస్‌ఎస్‌లో రాసే #800020 వంటి మామూలు హెక్స్ కోడ్‌లన్నీ ఎస్‌ఆర్‌జీబీ కొలతలోనివే. ఆ తర్వాత ఇంతకన్నా విస్తృతమైన కొలతలు వచ్చాయి. ఫొటోగ్రాఫర్ల కెమెరాల్లో అడోబీ ఆర్‌జీబీ ఉంటుంది. ఆపిల్ పరికరాల్లో డిస్‌ప్లే పీ3 ఉంటుంది. ఐఫోన్‌లో ఇది 2016లో ఐఫోన్ 7తో మొదలైంది. ఎస్‌ఆర్‌జీబీ కన్నా పీ3 పరిధి సుమారు 25 శాతం ఎక్కువ.

గొడవంతా ఇక్కడే పుడుతుంది. క్రోమ్, సఫారీ బ్రౌజర్లు ప్రొఫైల్ లేని ఫొటోలనూ సీఎస్‌ఎస్ రంగులనూ ఎస్‌ఆర్‌జీబీగా భావించి, మీ మానిటర్ ప్రొఫైల్‌కు తగినట్టు మార్చి చూపిస్తాయి. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్ డీఫాల్ట్‌గా ప్రొఫైల్ ఉన్న ఫొటోలను మాత్రమే అలా మారుస్తుంది. సీఎస్‌ఎస్ రంగులనూ, ప్రొఫైల్ లేని ఫొటోలనూ ఉన్న అంకెలతోనే నేరుగా తెరకు పంపిస్తుంది. మానిటర్ సాధారణ ఎస్‌ఆర్‌జీబీ రకమైతే రెండింటికీ తేడా కనపడదు. మానిటర్ విస్తృత పరిధిదైనా, దాని ప్రొఫైల్ తప్పుగా ఉన్నా, పక్కపక్కనే పెట్టిన రెండు బ్రౌజర్లలో రెండు రంగులు కనిపిస్తాయి. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా బ్రౌజర్లు కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం మీదే నడుస్తాయి కాబట్టి ఇవన్నీ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. అందుకే క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ చూసి "రెండు బ్రౌజర్లలో పరీక్షించాను" అనుకోవడం చాలదు.

మొదటి మెట్టు: తప్పు ఏ దశలో ఉందో కనుక్కోండి

ముందుగా అడ్డుగా ఉన్నవాటిని తొలగించండి. కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కి పేజీని కొత్తగా తెప్పించండి. పాత సీఎస్‌ఎస్ ఒక బ్రౌజర్‌లో నిలవ ఉండిపోవడం చాలా మామూలు. పేజీలను నల్లగా మార్చే ఎక్స్‌టెన్షన్లు ఉంటే ఆపేయండి. విండోస్‌లో నైట్ లైట్, మ్యాక్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్, ఫోన్లలో కంటి రక్షణ పేరుతో ఉండే పసుపు తెర, వీటన్నిటినీ ఆపండి. సాయంత్రమైతేనే రంగులు మారుతున్నాయని ఎవరైనా చెబితే కారణం చాలావరకు ఇందులోనే దొరుకుతుంది.

తర్వాత అసలు పరీక్ష. తేడా ఉన్న భాగం మీద కుడి మౌస్ బటన్ నొక్కి, డెవలపర్ టూల్స్ తెరిచి, బ్రౌజర్ చివరికి తేల్చుకున్న విలువలు చూపే కంప్యూటెడ్ ట్యాబ్‌లో ఆ రంగు విలువ చూడండి. అదే పని రెండో బ్రౌజర్‌లోనూ చేయండి.

రెండింటిలో విలువలు వేరుగా ఉంటే తప్పు కోడ్‌లో ఉంది. ఒక బ్రౌజర్‌కు మీరు రాసిన వాక్యం అర్థం కాలేదు, లేదా బ్రౌజర్ సొంత శైలి మీ శైలిని కప్పేసింది. నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లండి.

విలువలు ఒకటే అయినా కంటికి వేరుగా కనిపిస్తే, కోడ్ తప్పు కాదు. అప్పుడు చూడవలసింది ఫొటోలు మాత్రమే మారుతున్నాయా, బటన్లు, బ్యాక్‌గ్రౌండ్లు కూడా మారుతున్నాయా అని. ఫొటోలు మాత్రమే అయితే ఫొటోల ప్రొఫైల్ సమస్య, అది మూడో మెట్టు. అన్నీ మారితే మానిటర్ ప్రొఫైల్ సమస్య, అది రెండో మెట్టు. ఒకే బ్రౌజర్ రెండు పరికరాల్లో వేరుగా కనిపిస్తే అది ఆ తెరల మధ్య తేడా. దాన్ని మీరు తుడిచేయలేరు, కానీ దాని ప్రభావాన్ని తగ్గించవచ్చు. దాని సంగతి చివర్లో.

స్క్రీన్‌షాట్ తీసి పంపమని ఖాతాదారును అడగడం మంచి అలవాటే. అయితే దాని పరిమితి గుర్తుంచుకోవాలి. తెర గాజు మీద కనిపించే రంగు స్క్రీన్‌షాట్‌లో రాదు, తెరకు పంపిన అంకెలు మాత్రమే వస్తాయి. ఆ బొమ్మను మీరు మీ తెర మీద చూస్తారు. కాబట్టి "స్క్రీన్‌షాట్‌లో బాగానే ఉంది కదా" అని ఆయనతో వాదించకండి. ఆయన చూసిన రంగు మీరు చూడలేదు.

రెండో మెట్టు: మీ కంప్యూటర్‌ను సరిచేసుకోండి

మీ దగ్గర కొలబద్ద సరిగ్గా లేకుండా ఇతరుల రంగును సరిచేయలేరు. నా అనుభవంలో పేజీ అంతా పసుపుగానో మసకగానో కనిపించే సందర్భాల్లో ఎక్కువ భాగం మానిటర్ ప్రొఫైల్ వల్లే. విండోస్ అప్‌డేట్‌తోనో, మానిటర్‌తో వచ్చిన డ్రైవర్‌తోనో తప్పు ప్రొఫైల్ ఎక్కుతుంది. దాన్ని చదివే క్రోమ్ రంగు మార్చేస్తుంది. చదవని చోట రంగు మామూలుగా ఉంటుంది. చూసేవారు క్రోమ్‌ను తప్పుపడతారు. పాపం, క్రోమ్ తన పని తాను సరిగ్గానే చేసింది.

దీన్ని నిర్ధారించుకోవడానికి చక్కని పద్ధతి ఉంది. క్రోమ్ అడ్రస్ పట్టీలో chrome://flags అని టైపు చేసి క్రోమ్ ఫ్లాగ్స్ పేజీ తెరవండి. అక్కడ "ఫోర్స్ కలర్ ప్రొఫైల్" అని వెతికి, దాన్ని ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, బ్రౌజర్‌ను మళ్లీ ప్రారంభించండి. ఇప్పుడు క్రోమ్ మానిటర్ ప్రొఫైల్‌ను పక్కనపెడుతుంది. పేజీలోని బటన్లు, బ్యాక్‌గ్రౌండ్లు వెంటనే ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నట్టే కనిపిస్తే దొంగ దొరికినట్టే: మానిటర్ ప్రొఫైల్. పరీక్ష అయ్యాక ఆ సెట్టింగును తిరిగి డీఫాల్ట్‌కు మార్చండి. దీన్నే శాశ్వత పరిష్కారంగా వాడుకునేవారున్నారు. అది మీ ఒక్క కంప్యూటర్‌లోని ఒక్క బ్రౌజర్‌ను మాత్రమే మారుస్తుంది, కొనేవారి కంప్యూటర్‌కు దానితో పనిలేదు.

ప్రొఫైల్‌ను మార్చడానికి విండోస్ వెతుకుడు పెట్టెలో "కలర్ మేనేజ్‌మెంట్" అని టైపు చేసి తెరవండి. డివైసెస్ ట్యాబ్‌లో మీ మానిటర్‌ను ఎంచుకుని, "యూజ్ మై సెట్టింగ్స్" గడిలో టిక్కు పెట్టండి. "యాడ్" నొక్కి జాబితాలోంచి ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌ను చేర్చి, దాన్ని డీఫాల్ట్ చేయండి. బ్రౌజర్లన్నీ మూసి తెరవండి. సాధారణ ఆఫీసు మానిటర్లకు ఇది సరిపోతుంది. విస్తృత పరిధి మానిటర్ కొన్నవారు మాత్రం ఇలా చేయకూడదు. వారికి తయారీదారు ఇచ్చిన సరైన ప్రొఫైల్‌గానీ, కొలత పరికరంతో తయారుచేసిన ప్రొఫైల్‌గానీ ఉండాలి. లేకపోతే మానిటర్ బటన్లతో దాని సొంత మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టి, అప్పుడు విండోస్‌లో ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ ఇవ్వాలి.

మానిటర్ మెనూలో గేమ్, మూవీ, వివిడ్ వంటి మోడ్‌లు ఏవైనా ఉంటే తీసేయండి. కలర్ టెంపరేచర్ 6500 కెల్విన్ దగ్గర ఉంచండి, ఎస్‌ఆర్‌జీబీ తెలుపు దాని దగ్గరే ఉంటుంది. విండోస్‌లో వెలుగు నీడల తేడాను పెంచి చూపే హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉండి మామూలు పేజీలు వెలిసిపోయినట్టు కనిపిస్తే విండోస్, ఆల్ట్, బి మీటలు కలిపి నొక్కి ఆపి చూడండి. చవక తెరల్లో చూసే కోణం మారితే రంగు మారుతుంది. తలను నేరుగా తెర మధ్యకు ఉంచి తీర్పు చెప్పండి.

ఇక ఫైర్‌ఫాక్స్. అడ్రస్ పట్టీలో about:config అని టైపు చేసి ఆ పేజీ తెరిచి, "కలర్ మేనేజ్‌మెంట్" కోసం వెతికితే చివర "మోడ్" అని ఉన్న ఒక సెట్టింగు కనిపిస్తుంది. దాని విలువ డీఫాల్ట్‌గా 2, అంటే ప్రొఫైల్ ఉన్న ఫొటోలకే మార్పు. దాన్ని 1 చేస్తే అన్నింటికీ మార్పు వర్తిస్తుంది, సీఎస్‌ఎస్ రంగులు కూడా క్రోమ్‌తో కలుస్తాయి. 0 అంటే పూర్తిగా ఆపడం. డిజైన్ పని చేసేవారు 1 పెట్టుకోవడం మంచిదని నా సలహా. అయితే మీ వెబ్‌సైట్‌కు వచ్చే ఫైర్‌ఫాక్స్ వాడకందారుల్లో దాదాపు ఎవరూ దీన్ని మార్చి ఉండరు. పరీక్షకు మాత్రం 2తోనే చూడండి.

మూడో మెట్టు: ఫొటోలు, అసలు కష్టం ఇక్కడే

చీరల వెబ్‌సైట్‌కు ప్రాణం ఫొటోలే. కాబట్టి ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడదాం.

మొదట ఫొటో ఏ కలర్ స్పేస్‌లో వచ్చిందో చూడండి. ఐఫోన్‌తో తీసిన ఫొటో పీ3లో ఉంటుంది. స్టూడియో ఫొటోగ్రాఫర్ కెమెరాలో అడోబీ ఆర్‌జీబీ పెట్టి ఉండవచ్చు. ఆ ఫొటోల్లో ప్రొఫైల్ ఉన్నంతవరకు ఇప్పటి బ్రౌజర్లన్నీ వాటిని సరిగ్గా చూపిస్తాయి. అయితే సైటుకు ఎక్కించేటప్పుడు ఏదో ఒక ప్లగిన్, అంటే సైటుకు తగిలించిన చిన్న ప్రోగ్రాం, ఫైలు బరువు తగ్గించే పేరుతో ప్రొఫైల్‌ను తీసేస్తుంది. అంకెలు పాతవే, కొలత పోయింది. బ్రౌజర్ వాటిని ఎస్‌ఆర్‌జీబీ అంకెలుగా చదువుతుంది. నెమలికంఠం రంగు బూడిద పూసినట్టు అవుతుంది, చిలకాకుపచ్చ వాడిపోతుంది. "మా ఫోన్‌లో మెరిసిపోయింది, సైటులో ఎక్కిస్తే కళ తప్పింది" అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

పరిష్కారం సూటిగా ఉంటుంది: ఎక్కించే ముందే ఫొటోను ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. ఉచితంగా దొరికే గింప్‌లో అయితే ఇమేజ్ మెనూలో కలర్ మేనేజ్‌మెంట్, అందులో "కన్వర్ట్ టు కలర్ ప్రొఫైల్". ఫొటోషాప్‌లో ఎడిట్ మెనూలో "కన్వర్ట్ టు ప్రొఫైల్". పక్కనే "అసైన్ ప్రొఫైల్" అనే మరో ఎంపిక ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. కన్వర్ట్ చేస్తే రంగు అలాగే ఉండి అంకెలు మారతాయి. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది. ఈ రెండింటినీ తారుమారు చేయడం వల్ల చెడిన కేటలాగులను చూశాను, ఒకసారి సేవ్ చేశాక ఆ రంగును వెనక్కి తేవడం చాలా కష్టం.

ఎస్‌ఆర్‌జీబీకి మార్చాక ప్రొఫైల్‌ను ఫైలులో ఉంచే సేవ్ చేయండి. ఇలా చేస్తే రెండు విధాలా క్షేమం. ప్రొఫైల్ మిగిలితే బ్రౌజర్ దాన్ని చదువుతుంది. ఏ ప్లగిన్ అయినా తీసేస్తే, ఎలాగూ ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుంటుంది, అదే నిజం. సర్వర్‌లో బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాం వాడేవారు "స్ట్రిప్" ఆదేశాన్ని ఎక్కడ ఇస్తున్నారో చూసుకోండి. అది ప్రొఫైల్‌ను కూడా తుడిచేస్తుంది. ముందు ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ఆ తర్వాత తుడిస్తే ప్రమాదం లేదు. క్రమం తిరగబడితేనే ప్రమాదం.

ప్రింటింగ్ ప్రెస్ నుంచి వచ్చిన బొమ్మల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పండగ ఆఫర్ ఫ్లెక్సీ, శుభలేఖ, విజిటింగ్ కార్డు డిజైన్లు అచ్చు సిరాల కొలత అయిన సీఎంవైకేలో ఉంటాయి. వాటినే జేపెగ్‌గా సేవ్ చేసి సైటులో పెడితే ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తాయి. అలాంటి ఫైలు వస్తే ప్రొఫైల్‌తో సహా తెరిచి ఎస్‌ఆర్‌జీబీకి మార్చుకోండి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపిన చీర బొమ్మను నేరుగా సైటులో పెట్టకండి. దారిలో అది కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమని దుకాణం వారికి ఒక్కసారి నేర్పితే చాలు.

కుదింపు గురించి మరో ముఖ్యమైన సంగతి. జేపెగ్‌లో 4:2:0 అనే పద్ధతి ఉంటుంది. వెలుగు వివరాలను ప్రతి పిక్సెల్‌కూ ఉంచి, రంగు వివరాలను మాత్రం నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పున దాస్తుంది. మనిషి ముఖానికో కొండకో ఇది చాలు. మెరూన్ పట్టు మీద సన్నని జరీ గళ్లు, ఎరుపు పడుగులో ఆకుపచ్చ పేక ఉన్న నేతకు ఇది చాలదు. సన్నని గీతల దగ్గర ఎరుపు పక్కకు పాకి, మొత్తం రంగే మసకబారినట్టు అనిపిస్తుంది. గింప్‌లో జేపెగ్‌గా ఎగుమతి చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్ 4:4:4 ఎంచుకోండి, అందులో రంగు వివరాలు కూడా ప్రతి పిక్సెల్‌కూ ఉంటాయి. వెబ్‌పీ ఫార్మాట్ మామూలు కుదింపులో ఎప్పుడూ 4:2:0నే వాడుతుంది. కాబట్టి నేత దగ్గరగా చూపించే ఫొటోలకు జేపెగ్ 4:4:4నే వాడమంటాను. చీర మొత్తం చూపే చిన్న బొమ్మలకు వెబ్‌పీ వాడుకోవచ్చు.

ధర్మవరం చీరకు ఇంకో ప్రత్యేకత ఉంది. పడుగు ఒక రంగు, పేక మరో రంగు పెట్టి నేసిన డబుల్ షేడ్ చీర కోణాన్ని బట్టి రెండు రంగులుగా కనిపిస్తుంది. దాన్ని ఏ బ్రౌజరూ ఒక్క ఫొటోలో సరిగ్గా చూపలేదు, ఎందుకంటే ఆ నిజం ఒక్క ఫొటోలో పట్టదు. రెండు కోణాల్లో రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టండి. ట్యూబ్‌లైటూ కిటికీ వెలుతురూ కలిసిన చోట తీయకండి. అనంతపురం ఎండలో నేరుగా పెడితే జరీ తెల్లగా మండిపోతుంది, కాబట్టి ఉదయం పూట నీడలో, ఒకే రకం వెలుతురులో తీయండి. మొదటి ఫొటోలో చీర పక్కన బూడిదరంగు కార్డు ఉంచితే వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు వల్ల పడిన రంగు ఛాయను, సరిచేయడం సులువు. ఇక్కడ తప్పిన రంగును తర్వాతి మెట్లు ఏవీ తిరిగి తేలేవు.

చివరిగా అతుకు సమస్య. బ్యానర్ ఫొటో అంచు రంగు #800020, దాని కింద పేజీ బ్యాక్‌గ్రౌండ్ కూడా #800020. రెండూ కలిసి ఒకే మెరూన్‌గా ఉండాలి. విస్తృత పరిధి మానిటర్ ఉన్న ఫైర్‌ఫాక్స్‌లో మధ్యన గీత కనిపిస్తుంది: ఫొటోకు ప్రొఫైల్ ఉంది కాబట్టి దాన్ని మార్చింది, సీఎస్‌ఎస్ రంగును మార్చలేదు. ఇలాంటి చోట ఫొటో అంచును పారదర్శకంగా చేసి పీఎన్‌జీగా పెట్టండి, వెనకున్న సీఎస్‌ఎస్ రంగే అంచుల్లోంచి కనిపిస్తుంది. దుకాణం లోగో వంటి చదునైన రంగుల బొమ్మకైతే ఎస్‌వీజీ మేలు, దాని రంగులను బ్రౌజర్ సీఎస్‌ఎస్ రంగుల్లాగే చూస్తుంది.

నాలుగో మెట్టు: సీఎస్‌ఎస్

కంప్యూటెడ్ విలువలే వేరుగా వస్తున్నాయంటే కారణాలు కొన్నే ఉంటాయి.

కొత్త తరహా రంగు వాక్యాలు మొదటిది. రంగును కాంతి, గాఢత, వర్ణం అనే మూడు అంకెలతో చెప్పే ఓకేఎల్‌సీహెచ్ పద్ధతి క్రోమ్ 111, ఫైర్‌ఫాక్స్ 113, సఫారీ 15.4 నుంచే పనిచేస్తుంది. పాత ఫోన్లు ఆ వాక్యాన్ని అర్థం కాక వదిలేస్తాయి. అందువల్ల ముందు వరుసలో మామూలు హెక్స్ కోడ్, దాని కింద వరుసలో కొత్త పద్ధతి రాయాలి. అర్థమైన బ్రౌజర్ రెండోదాన్ని తీసుకుంటుంది, కానిది మొదటిదానితో సరిపెట్టుకుంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని లోతైన గుంట ఒకటుంది. కొత్త పద్ధతి రంగును సీఎస్‌ఎస్ వేరియబుల్‌లో (పేరు పెట్టి దాచుకునే విలువలో) పెట్టి, దాన్ని వాడే చోట పై వరుసలో హెక్స్ కోడ్ రాస్తే ఈ ఏర్పాటు పనిచేయదు. వేరియబుల్ వాడిన వాక్యం చదివేటప్పుడు ఏ బ్రౌజర్‌కైనా సరైనదిగానే కనిపిస్తుంది, కాబట్టి పై వరుసను కొట్టేస్తుంది. విలువ నింపే సమయానికి అది పనికిరాదని తెలుస్తుంది, అప్పటికి పై వరుస లేదు. బ్యాక్‌గ్రౌండ్ అయితే పూర్తిగా మాయమవుతుంది. అందువల్ల వేరియబుల్‌లో ముందు హెక్స్ కోడే ఉంచండి. ఓకేఎల్‌సీహెచ్ విలువను, బ్రౌజర్‌కు అర్థమైతేనే వర్తించే "సపోర్ట్స్" (@supports) నియమం లోపల విడిగా ఇవ్వండి. పీ3 రంగులకూ ఇదే పద్ధతి.

ఫారాల్లోని పెట్టెలు, బటన్లు రెండోది. వీటికి ప్రతి బ్రౌజరూ సొంత రంగు వేస్తుంది. ఐఫోన్‌లో బటన్ మీది అక్షరాలు నీలంగా కనిపించడం దీనివల్లే. ప్రతి బటన్‌కూ అక్షరాల రంగు, బ్యాక్‌గ్రౌండ్ రంగు రెండూ స్పష్టంగా రాయండి, ఒక్కటి రాసి రెండోది బ్రౌజర్‌కు వదలకండి. అవసరమైతే బ్రౌజర్ వేసే సొంత రూపాన్ని తీసేయడానికి అప్పియరెన్స్ ప్రాపర్టీకి none అని ఇవ్వండి. చెక్‌బాక్స్, రేడియో బటన్ల రంగుకు యాక్సెంట్-కలర్ చాలు. పెట్టెలో మసకగా కనిపించే ప్లేస్‌హోల్డర్ మాటలను ఫైర్‌ఫాక్స్ ఇంకా మసకగా చూపిస్తుంది, దానికి ఒపాసిటీ 1 ఇవ్వండి. చిరునామా తనంతట తాను నిండినప్పుడు క్రోమ్ ఆ పెట్టె బ్యాక్‌గ్రౌండ్ రంగు మారుస్తుంది, మీరు రాసిన బ్యాక్‌గ్రౌండ్ రంగును అక్కడ లెక్కచేయదు. లోపలి వైపు పెద్ద బాక్స్-షాడో వేసి ఆ రంగును కప్పవచ్చు.

మూడోది గ్రేడియంట్‌లు, అంటే ఒక రంగు నుంచి మరో రంగుకు మెల్లగా మారే పూతలు: పాత సఫారీలో తెలుపు నుంచి "ట్రాన్స్‌పరెంట్"కు వెళ్లే గ్రేడియంట్ మధ్యలో బూడిదరంగు పొగ కనిపిస్తుంది, అక్కడ పారదర్శకం అంటే పారదర్శకమైన నలుపు. తెలుపు విలువకే సున్నా పారదర్శకత ఇచ్చి రాయండి.

తెలుగు అక్షరాల సంగతి వేరుగా చెప్పాలి. తెలుగు ఫాంట్లలో సన్నని వంపులు ఎక్కువ. ఒకే రంగు కోడ్ ఇచ్చినా విండోస్‌లో ఆ వంపులు పలచబడి అక్షరం లేతగా, మ్యాక్‌లో కాస్త మందంగా, ముదురుగా కనిపిస్తుంది. రంగు మారలేదు, గీత మందం మారింది. #999999 బూడిదరంగులో ధర, వివరాలు రాస్తే పెద్దవాళ్లు చదవలేరు. తెల్లని నేపథ్యం మీద #767676 కన్నా లేతగా వెళ్లకండి. చదవడానికి వీలైన 4.5:1 కాంట్రాస్ట్ (అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా) దాటే చివరి బూడిదరంగు అదే. తెలుగుకు ఇంకా ముదురుగా #444444 దగ్గర ఉంచడం నాకు ఇష్టం.

ఐదో మెట్టు: డార్క్ మోడ్

కొన్ని ఫోను బ్రౌజర్లు మీ అనుమతి లేకుండానే పేజీని నల్లగా మారుస్తాయి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో వెబ్‌సైట్లకు డార్క్ థీమ్ పెట్టుకునే సెట్టింగు ఉంది, సామ్‌సంగ్ ఇంటర్నెట్‌లోనూ ఉంది. ఫొటోలను ఇవి సాధారణంగా వదిలేస్తాయి. దెబ్బ తగిలేది రంగుల బిళ్లలకు, అంటే "ఈ చీర ఈ రంగుల్లో దొరుకుతుంది" అని చూపే చిన్న గుండ్రాలకు. అవి సీఎస్‌ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌తో చేసినవైతే బ్రౌజర్ వాటి రంగు మార్చేయగలదు. గంధం రంగు బిళ్ల ముదురు గోధుమరంగు అయిపోతే కొనేవారు తప్పు చీర ఎంచుకుంటారు. అందుకని బిళ్లలను అసలు చీర ఫొటోలోంచి కత్తిరించిన చిన్న బొమ్మలతో చేయండి. రంగుతోపాటు నేత కూడా కనిపిస్తుంది.

పేజీ మొత్తానికి సీఎస్‌ఎస్‌లో కలర్-స్కీమ్ ప్రాపర్టీని "ఓన్లీ లైట్" అని రాస్తే క్రోమ్ ఆ మాట వింటుంది. సామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నిసార్లూ వింటుందని అనుకోవద్దు, ఆ ఫోనులో తప్పకుండా చూడండి.

ఆరో మెట్టు: చేతుల్లో ఉన్న ఫోన్లలో పరీక్ష

ఇన్ని చేశాక కూడా రెండు ఫోన్ల మధ్య తేడా ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర "వివిడ్" మోడ్‌లో ఉంటుంది, రంగులను కావాలనే ఎక్కువ చేస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో "నేచురల్" లేదా "స్టాండర్డ్" పెడితే ఎస్‌ఆర్‌జీబీకి దగ్గరగా వస్తుంది. మీ పరీక్ష ఫోనులో రెండు మోడ్‌లూ మార్చి చూడండి. కొనేవారిని ఆ సెట్టింగు మార్చమని అడగలేం కాబట్టి, వివిడ్‌లో కూడా చీర రంగు పేరు మారకుండా ఉందా అన్నదే చూడాలి. కనకాంబరం రంగు కాస్త మెరిస్తే ఫరవాలేదు, ఎరుపుగా కనిపిస్తే ఫొటోను మళ్లీ చూడాలి.

కనీసం ఈ నాలుగింటిలో చూడండి: విండోస్‌లో క్రోమ్, విండోస్‌లో ఫైర్‌ఫాక్స్, ఐఫోన్‌లో సఫారీ, ఒక మధ్యస్థ ధర ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్. మన దేశంలో ఐఫోన్‌లోని క్రోమ్ కూడా లోపల సఫారీ ఇంజిన్‌తోనే నడుస్తుంది కాబట్టి దాన్ని వేరే పరీక్షగా లెక్కించనక్కర్లేదు. పరీక్షించేటప్పుడు అసలు చీరను పక్కనే పెట్టుకోండి, గదిలో నీడ వెలుతురు ఉండాలి, ఫోను కాంతి మధ్యస్థంగా ఉండాలి. ఫోనుతో ఫోనును పోల్చకండి, ప్రతి ఫోనునూ చీరతో పోల్చండి.

ప్రతి చీర కింద రంగును మాటల్లో రాయండి. "మెరూన్" అని ఒక్క మాట రాసి వదలకండి. "ముదురు వంగపండు రంగు ఒళ్లు, ఆవపిండి రంగు అంచు, ఎండలో ఎరుపు మెరుపు" అని రాయండి. నెమలికంఠంలో ఉండే లోతైన నీలి ఆకుపచ్చలు కొన్ని ఎస్‌ఆర్‌జీబీ పరిధిలో పట్టవు, ఎస్‌ఆర్‌జీబీకి మార్చిన ఫొటోలో వాటిని ఏ తెరా పూర్తిగా చూపలేదు. అలాంటి చీరల దగ్గర "అసలు రంగు ఫొటో కన్నా లోతుగా ఉంటుంది" అని నేరుగా రాయండి. కోరినవారికి పగటి వెలుతురులో వీడియో కాల్‌లో చూపిస్తామని కూడా చేర్చండి.

థీమ్‌గానీ, బొమ్మలు కుదించే ప్లగిన్‌గానీ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఒక ఎరుపు, ఒక నెమలికంఠం, ఒక గంధం రంగు చీర పేజీలు తెరిచి ఈ నాలుగు బ్రౌజర్లలో మళ్లీ చూడండి. ఎక్కించిన ఫొటోను సైటు నుంచి తిరిగి దింపుకుని, గింప్‌లో తెరిచి ప్రొఫైల్ ఉందో పోయిందో గమనించండి. పోయి ఉండి, రంగు కూడా తగ్గి ఉంటే, ఆ ఫొటో ఎస్‌ఆర్‌జీబీకి మార్చకుండానే ఎక్కిందన్నమాట. మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి.